ఎక్కే ఎండ, దిగే ఎండ: శీతల ప్రాంతపు ఎర్ర ద్రాక్ష నుంచి దక్కన్ తోటలకు ఒక పాఠం

సారాంశం

శీతల ప్రాంతపు ఎర్ర వైన్‌కు గల తేటయైన రంగు, నిలిచే పులుపు, సున్నితమైన సువాసన అనే మూడు లక్షణాలకు మూలం ఎండ తగ్గుముఖం పట్టిన రోజులలో కాయ నిదానంగా పండడమే. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు పినో నోయిర్ తోటను ఉదాహరణగా గ్రహించి, కాయలో చక్కెర, ఆమ్లం, రంగు ఏ విధంగా మారునో ఈ వ్యాసం వివరిస్తుంది. దక్కన్ పీఠభూమిలో అక్టోబరు కత్తిరింపు వలన ద్రాక్ష ఎండ పెరుగుతున్న రోజులలో పండుతున్నది. ఈ తేడాను గుర్తించకుండా చలి దేశపు యాజమాన్య పద్ధతులను యథాతథంగా సిఫారసు చేయడం వలన కలిగే నష్టాన్ని, కత్తిరింపు తేదీ ద్వారా సాధించగల పరిమిత ప్రయోజనాన్ని ఇక్కడ చర్చించడమైనది.

కీలక పదాలు: పినో నోయిర్, ఆంథోసయనిన్లు, దోర దశ, రాత్రి ఉష్ణోగ్రత, జంట కత్తిరింపు, వరంగల్.

ఉపోద్ఘాతం

వరంగల్ పరిసరాలలో రైతులతో మాట్లాడేటప్పుడు అప్పుడప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. "నాసిక్‌లో వైన్ ద్రాక్ష పండుతున్నది, మన చల్కా నేలల్లో ఎందుకు పండదు?" అని. ప్రశ్న న్యాయమైనదే. నేల, నీరు, మార్కెట్టు గురించి మనం వెంటనే సమాధానం చెప్పగలం. కాని ఎర్ర ద్రాక్ష విషయంలో అసలు సమాధానం క్యాలెండరులో ఉన్నది. ఆ సంగతి విస్తరణ శాస్త్రవేత్తకు స్పష్టంగా తెలియకపోతే, పందిరికి, మొక్కలకు, బిందు సేద్యానికి పెట్టుబడి పెట్టిన రైతు మూడవ ఏట గాని తన నష్టాన్ని గుర్తించలేడు.

దక్కన్‌కు ద్రాక్ష కొత్త పంట కాదు. 14వ శతాబ్దంలో దౌలతాబాదును చూసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడ ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండు సార్లు కాస్తాయని వ్రాసినాడు. హైదరాబాదు పరిసరాలలో అనాబ్-ఎ-షాహీ రకం విస్తరించి, పందిరి పద్ధతిలో హెక్టారుకు 30 టన్నులు దాటిన దిగుబడులతో ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది. తరువాత థామ్సన్ సీడ్‌లెస్ వచ్చింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఈ రెండూ తెల్ల రకాలు. వీటిలో రంగు అనే సమస్యే తలెత్తదు. తీపి, కాయ పరిమాణం, దిగుబడి సరిపోతే పంట పండినట్లే. మన ద్రాక్ష నైపుణ్యమంతా తెల్ల రకాలపై పెరిగినది. కనుక ఎర్ర ద్రాక్ష అడిగే ప్రశ్న మనకు కొంత కొత్తది.

శీతల ప్రాంతపు ఎర్ర వైన్ స్వభావం

శీతల ప్రాంతపు ఎర్ర వైన్ అనగానే మొదట చెప్పుకొనే రకం పినో నోయిర్. దీని స్వస్థలం తూర్పు ఫ్రాన్స్‌లోని బర్గండీ. ఈ వైన్ గాజు పాత్రలో దాదాపు పారదర్శకంగా కనిపిస్తుంది. వేడి ప్రాంతపు వైన్‌లలో ఉండే చిక్కని నలుపు దీనిలో ఉండదు. వగరు తక్కువ, పులుపు స్పష్టం, వాసనలో చెర్రీ, కోరిందకాయ వంటి ఎర్ర పండ్ల గుణం ప్రధానం. ఏళ్లు గడిచినకొద్దీ తడిసిన ఆకుల, పుట్టగొడుగుల వాసనను పోలిన గుణాలు ఏర్పడతాయి.

ఈ స్వభావంలో కొంత భాగం రకానిది. పినో నోయిర్ కాయ తొక్క పలుచన. తొక్కలోని ఎర్ర వర్ణకాలైన ఆంథోసయనిన్లు తక్కువ. పైగా ఇతర ఎర్ర రకాలలో ఆమ్ల సమూహంతో కూడి స్థిరత్వం పొందే ఆంథోసయనిన్లు ఉండగా, పినో నోయిర్‌లో అవి లేవు. అందువలన ఉన్న కొద్దిపాటి రంగును కాపాడుకొనడమే ఈ రకానికి ప్రాణసమస్య. గుత్తి బిగుతుగా ఉండడం వలన కుళ్లు తెగులు సులభంగా సోకుతుంది. మొగ్గ ముందుగా విచ్చుకొనడం వలన వసంతకాలపు మంచుకు గురవుతుంది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన మంచుకు బర్గండీ రైతులు రాత్రంతా తోటలలో మంటలు వెలిగించి కూడా పంటలో పెద్ద భాగాన్ని కోల్పోయినారు. చలి ప్రాంతపు గుణానికి చెల్లించవలసిన మూల్యం అది.

మిగిలిన భాగం వాతావరణానిది. దీనికి మంచి నిదర్శనం సిరా రకం. ఆస్ట్రేలియాలోని చల్లని ప్రాంతాలలో పండిన సిరా వైన్‌లో మిరియాల ఘాటు ఉంటుంది. ఆ వాసనకు కారణమైన రోటండోన్ అనే పదార్థాన్ని అక్కడి శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించినారు. మన వంటింటి మిరియాలలో ఉన్నది కూడా అదే పదార్థం. అదే రకాన్ని వేడి ప్రాంతంలో పండిస్తే ఈ ఘాటు సాధారణంగా బాగా తగ్గి, ఉడికిన పండు వాసన ముందుకు వస్తుంది.

తోట: బర్గండీ వాలు

బర్గండీలోని కోట్ డోర్ తోటలు సుమారు 47 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, తూర్పు, ఆగ్నేయ దిశలకు వాలిన సున్నపురాతి గుట్టల మీద ఉన్నవి. ఉదయపు ఎండ ముందుగా తగులుతుంది. రాత్రి బరువెక్కిన చల్లగాలి వాలు మీదుగా కిందికి జారిపోతుంది. వర్షపు నీరు నిలువదు. హెక్టారుకు సుమారు 10,000 మొక్కలు నాటి, ఒక్కొక్క మొక్కపై కొద్ది గుత్తులు మాత్రమే ఉంచుతారు. అత్యున్నత శ్రేణి తోటలలో హెక్టారుకు అనుమతించే వైన్ సుమారు 35 హెక్టోలీటర్లు. అంటే కాయ దాదాపు 5 టన్నులు. మన పందిరి తోటల దిగుబడిలో ఇది ఆరవ వంతుకు మించదు.

మధ్యయుగంలో ఆశ్రమ సన్యాసులు ఈ వాలులను మడి మడిగా పరిశీలించి, ఏ మడి కాయ ఏ గుణమిచ్చునో గుర్తించినారు. ఆ మడుల విభజనను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దీనిని కేవలం నేల మహిమగా చెప్పే అలవాటున్నది. వ్యవసాయ శాస్త్ర దృష్టితో చూస్తే, మడికీ మడికీ మధ్య గల తేడాలో నేలలోని తేమ, వాలు, దిశ వలన పక్వతలో వచ్చే కొద్ది రోజుల వ్యత్యాసానికి పెద్ద పాత్ర ఉన్నది.

కాయ లోపల జరిగే మార్పులు

ద్రాక్ష కాయ మెత్తబడి రంగు తిరిగే దశను ఈ వ్యాసంలో దోర దశ అని వ్యవహరిద్దాం. దోర నుంచి కోత వరకు సుమారు 40 నుంచి 50 రోజులు. ఈ కాలంలో కాయలో మూడు పనులు ఏకకాలంలో జరుగుతాయి.

మొదటిది చక్కెర చేరడం. ఎండ, ఆకు ఉన్నంతవరకు ఇది సాగుతూనే ఉంటుంది. వేడి ప్రాంతంలో ఇది త్వరగా పూర్తవుతుంది.

రెండవది ఆమ్లం తగ్గడం. ద్రాక్షలో ప్రధానంగా టార్టారిక్, మాలిక్ ఆమ్లాలు ఉంటాయి. టార్టారిక్ ఆమ్లం కొంత స్థిరమైనది. మాలిక్ ఆమ్లాన్ని కాయ శ్వాసక్రియలో ఖర్చు చేసుకుంటుంది. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ ఈ ఖర్చు పెరుగుతుంది. రాత్రి వేడి తగ్గకపోతే ఈ ఖర్చు రాత్రి కూడా ఆగదు. ఆమ్లం తగ్గి పి.హెచ్. పెరిగితే వైన్ చప్పబడడమే గాక, ఉన్న ఎర్రదనం కూడా మసకబారుతుంది.

మూడవది రంగు ఏర్పడడం. ఆంథోసయనిన్ల తయారీకి మితమైన వేడి కావలెను. పగలు 35 డిగ్రీల సెల్సియస్ దాటితే తయారీ మందగిస్తుంది. రాత్రులు వేడిగా ఉన్నా అదే ఫలితం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో క్లీవర్ 1970ల ప్రాంతంలో చేసిన ప్రయోగాలు ఈ విషయాన్ని ముందుగా స్పష్టపరచినవి. 2007లో జపాన్ శాస్త్రవేత్తలు కాబర్నే సావిన్యోన్ రకంపై చేసిన ప్రయోగంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు ఉన్న కాయలలోని ఆంథోసయనిన్లు, 25 డిగ్రీల వద్ద పండిన కాయలలో ఉన్నవాటిలో సగానికన్నా తక్కువకు పడిపోయినవి. తయారైన వర్ణకం కూడా వేడికి విచ్ఛిన్నమగునని వారు చూపినారు.

చలి ప్రాంతంలో ఈ మూడు పనులు ఇంచుమించు ఒకే వేగంతో సాగుతాయి. వేడి ప్రాంతంలో చక్కెర పరుగెత్తుతుంది, ఆమ్లం పడిపోతుంది, రంగు వెనుకబడుతుంది. బ్రిక్స్ 24 వచ్చిందని కోస్తే రంగు ఉండదు. రంగు కోసం ఆగితే పులుపు ఉండదు. వైన్ తయారీలో ఈ లోటును సరిచేసే తీరు కూడా దీనినే చెబుతున్నది. చలి దేశంలో చక్కెర చాలని ఏడాది రసానికి చక్కెర కలుపుతారు. వేడి దేశంలో టార్టారిక్ ఆమ్లం కలుపుతారు.

వేడి మొత్తం, వేడి క్రమం

ద్రాక్ష ప్రాంతాల వర్గీకరణకు 1944లో అమెరీన్, వింక్లర్ ప్రతిపాదించిన పద్ధతిని విద్యార్థులందరూ చదువుతారు. రోజువారీ సగటు ఉష్ణోగ్రతలో 10 డిగ్రీలు తీసివేసి, ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు గల ఏడు నెలలకు కూడుతారు. మొత్తం 1390 లోపు ఉంటే మొదటి తరగతి, 2220 దాటితే అయిదవ తరగతి. బర్గండీని సంప్రదాయంగా మొదటి తరగతిలో లెక్కిస్తారు.

వరంగల్‌కు ఈ లెక్క వేసి చూద్దాం. అక్టోబరు మధ్యలో కత్తిరించి 150 రోజులకు కోస్తే, ఆ కాలపు సగటును సుమారు 24 డిగ్రీలుగా తీసుకొన్నా, రోజుకు 14 చొప్పున 2100 అవుతుంది. వారు ఏడు నెలలలో కూడబెట్టే వేడికి ఒకటిన్నర రెట్లు మన తోట అయిదు నెలలలోనే పొందుతున్నది.

అయినప్పటికీ ఈ మొత్తం అసలు విషయాన్ని చెప్పదు. వేడి ఏ వరుసలో వచ్చినది అన్నది ముఖ్యం. బర్గండీలో దోర దశ ఆగస్టులో, కోత సంప్రదాయంగా సెప్టెంబరులో. అప్పటికి ఎండ దిగుముఖం పట్టి, సెప్టెంబరు పగటి ఉష్ణోగ్రత సుమారు 21 డిగ్రీలకు, రాత్రి 10, 11 డిగ్రీలకు చేరుతుంది. మన అక్టోబరు కత్తిరింపు తోటలో దోర దశ జనవరి చివర, కోత ఫిబ్రవరి చివర లేదా మార్చిలో. వరంగల్‌లో జనవరిలో సుమారు 30 డిగ్రీలున్న పగటి వేడి మార్చికి 36 డిగ్రీలు దాటుతుంది. అక్కడ కాయ దిగే ఎండలో పండుతున్నది. ఇక్కడ ఎక్కే ఎండలో పండుతున్నది. రంగుకు అత్యంత కీలకమైన చివరి వారాలు మనకు అత్యంత వేడి వారాలు.

కత్తిరింపు కత్తి ఏమి చేయగలదు?

మన ద్రాక్షకు చలికాలపు నిద్ర లేదు. అందువలన ఏప్రిల్‌లో ఒకసారి కత్తిరించి కొమ్మలను, వాటిలో పూమొగ్గలను తయారు చేసుకొని, అక్టోబరులో మరల కత్తిరించి పంట తీసుకుంటాం. మొగ్గలు సమంగా విచ్చుకొనుటకు హైడ్రోజన్ సయనమైడ్ పూస్తాం. ఈ జంట కత్తిరింపును మనం దిగుబడి సాధనంగానే చూసినాం. నిజానికి ఇది పక్వత నెలను ఎంచుకొనే సాధనం కూడా.

ఈ అంశాన్ని ఆగ్నేయ బ్రెజిల్ శాస్త్రవేత్తలు చక్కగా ఉపయోగించుకొన్నారు. మీనస్ జెరైస్ రాష్ట్రంలో ద్రాక్ష సహజంగా డిసెంబరు, జనవరి వర్షాలలో పండి కుళ్లిపోయేది. అక్కడి రాష్ట్ర వ్యవసాయ పరిశోధన సంస్థ ఎపామిగ్‌లో మురీలో రెజీనా బృందం 2000 తరువాత సిరా రకంపై జంట కత్తిరింపును ప్రయోగించింది. మొదటి కత్తిరింపు తరువాత వచ్చిన గుత్తులను తీసివేసి, జనవరి, ఫిబ్రవరిలో రెండవసారి కత్తిరించినారు. కోత జూలై, ఆగస్టుకు మారింది. అది వారికి పొడి చలికాలం. పగలు ఎండ, రాత్రి చలి. దానితో వైన్ ద్రాక్షకు పనికిరాదనుకొన్న ప్రాంతంలో ఎర్ర వైన్ పరిశ్రమ ఏర్పడింది.

వరంగల్‌లో ఇదే ప్రయత్నం చేస్తే ఎదురయ్యే స్థితులను స్థూలంగా ఇట్లు పేర్కొనవచ్చును.

ఆగస్టు చివర కత్తిరింపు: దోర నవంబరు చివర, కోత జనవరిలో. పక్వతకు ఇది అత్యుత్తమ కాలం. కాని లేత చిగురు, పూత నైరుతి వర్షాలలో చిక్కుకొనును. బూజు తెగులు, పక్షికన్ను తెగులు తీవ్రమగును.

సెప్టెంబరు మధ్య కత్తిరింపు: దోర డిసెంబరు చివర, కోత జనవరి చివర లేదా ఫిబ్రవరి మొదట. పక్వతకు అనుకూలం. అక్టోబరు తుపాను వర్షాలు పూతపై పడే ప్రమాదం మిగులును.

అక్టోబరు మధ్య కత్తిరింపు: దోర జనవరి చివర, కోత ఫిబ్రవరి చివర లేదా మార్చిలో. తెగుళ్లు తక్కువ. రంగు, పులుపు రెండూ నష్టం.

తెల్ల రకాలకు మన పెద్దలు మూడవదానిని ఎంచుకొనడం సరియైన నిర్ణయమే. ఎర్ర రకానికి అదే తేదీని పాటించడం అలవాటు మాత్రమే. అయితే సెప్టెంబరుకు జరిగినంత మాత్రాన వరంగల్ బర్గండీ కాదు. మన అతి చల్లని జనవరి సగటు ఉష్ణోగ్రత కూడా బర్గండీ జూలై సగటును మించియే ఉన్నది. సముద్రమట్టానికి 300 మీటర్ల లోపు ఉన్న మన నేలకు ఎత్తు తోడు లేదు. నాసిక్‌కు సుమారు 600 మీటర్లు, బెంగుళూరు సమీపాన నంది కొండల పరిసర తోటలకు సుమారు 900 మీటర్ల ఎత్తు ఉన్నది. అక్కడ కూడా ఎర్ర వైన్‌కు ప్రధానంగా నిలదొక్కుకొన్నవి సిరా, కాబర్నే సావిన్యోన్ వంటి రకాలే.

స్వానుభవం: ఒక పొరపాటు సిఫారసు

ఇరవై ఏళ్ల క్రితం మేడ్చల్ వైపు ఒక రైతు ఫ్లేమ్ సీడ్‌లెస్ తోటలో రంగు రావడం లేదని నన్ను సంప్రదించినాడు. పుస్తకాలలో చదివిన పద్ధతి ప్రకారం గుత్తుల చుట్టూ ఆకులు తీసివేసి ఎండ తగలనివ్వమని చెప్పినాను. ఫిబ్రవరిలో మరల వెళ్లి చూస్తే, పడమటి వైపు గుత్తులు గోధుమరంగుకు మాడి ఉన్నవి. నీడలో మిగిలిన గుత్తులే కొంత ఎర్రబడినవి. ఆ రైతు నన్ను ఏమీ అనలేదు. "పుస్తకం మన ఎండ చూసి రాసింది కాదేమో సార్" అన్నాడు.

ఆ మాట అక్షరసత్యం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్పేడ్, తరారా ప్రభృతులు 2002లో ప్రచురించిన ప్రయోగంలో వెలుతురు ప్రభావాన్ని, వేడి ప్రభావాన్ని వేరుచేసి చూపినారు. ఎండ తగిలే గుత్తిని గాలితో చల్లబరిస్తే ఆంథోసయనిన్లు పెరిగినవి. నీడలోని గుత్తిని వేడిచేస్తే తగ్గినవి. నేరుగా ఎండ సోకిన కాయ ఉష్ణోగ్రత గాలి ఉష్ణోగ్రతకన్నా 10 డిగ్రీలకు పైగా పెరగగలదు. బర్గండీ సెప్టెంబరులో 21 డిగ్రీల గాలిలో ఆ పెరుగుదల వరం. మేడ్చల్ ఫిబ్రవరిలో 33 డిగ్రీల గాలిలో అదే శాపం. ఆ ఏడాది ఆ రైతు నష్టపోయిన గుత్తులకు కారణం నా సిఫారసే. అందుకే ఈ ఉదాహరణను ప్రతి సంవత్సరం తరగతిలో చెబుతున్నాను.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. ఎర్ర ద్రాక్ష గురించి అడిగిన రైతుకు రకం పేరు చెప్పే ముందు ఆ మండలపు స్వయంచాలిత వాతావరణ కేంద్రం నుంచి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల కనిష్ఠ ఉష్ణోగ్రతలను కనీసం అయిదేళ్లకు సేకరించవలెను. ఏడాది సగటు నిరుపయోగం.

2. కోత తేదీ నుంచి వెనుకకు లెక్కించి కత్తిరింపు తేదీని నిర్ణయించవలెను. దోర నుంచి కోత వరకు గల కాలం డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారం లోపల పడునట్లు చూడవలెను. ఆ తేదీకి బూజు తెగులు నివారణ ఖర్చును కూడా రైతుకు ముందే లెక్కకట్టి చెప్పవలెను.

3. ఆకులు తీయవలసి వస్తే తూర్పు వైపు మాత్రమే, అదీ పలుచగా తీయవలెను. పడమటి వైపు నీడను కాపాడవలెను.

4. దోర దశలో నీటిని కొద్దిగా తగ్గిస్తే తీగ ఎదుగుదల నిలిచి రంగుకు తోడ్పడును. పూర్తిగా ఆపితే ఆకు రాలి గుత్తి ఎండబారిన పడును.

5. ఎర్ర రకంలో గుత్తుల సంఖ్యను తెల్ల రకం లెక్కతో ఉంచరాదు. మోయలేని పంటలో మొదట నష్టపోయేది రంగు.

6. రిఫ్రాక్టోమీటరు ఒక్కదానితో కోత నిర్ణయించరాదు. బ్రిక్స్‌తో పాటు పి.హెచ్., మొత్తం ఆమ్లం వారానికి రెండుసార్లు నమోదు చేయవలెను.

7. రంగే ప్రధానమైన రసం తయారీకి, గుజ్జులో సైతం వర్ణకం గల పూసా నవరంగ్, దాని సంకరమైన మంజరి మెడికా వంటి రకాలను ముందుగా చిన్న విస్తీర్ణంలో పరీక్షించడం మేలు. పినో నోయిర్‌ను మన ప్రాంతానికి సిఫారసు చేయరాదు.

ముగింపు

రంగుకు ధర పలుకుట వరంగల్ రైతుకు కొత్త కాదు. చపాట మిర్చికి కారం కన్న రంగుకే విలువ అని అతనికి తెలియును. మిర్చిలోని వర్ణకాలు వేరు, ద్రాక్షలోనివి వేరు. కాని నాణ్యత పంట చివరి వారాలలో నిర్ణయమగునన్న సూత్రం రెంటికీ వర్తించును.

బర్గండీలోని బోన్ పట్టణంలో 1354 నుంచి ద్రాక్ష కోత తేదీల దాఖలాలు ఉన్నవి. వాటిని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1988 నుంచి కోత పూర్వపు సగటుకన్నా 13 రోజులు ముందుకు వచ్చింది. అంటే దిగే ఎండలో పండిన కాయ క్రమంగా ఆగస్టు వేడిలోకి జరుగుతున్నది. వేడిలో ఎర్ర ద్రాక్షను ఎట్లు పండించవలెనన్న ప్రశ్న ఇక మన ఒక్కరిదే కాదు. దానికి సమాధానం చెప్పగల అనుభవం జంట కత్తిరింపు రూపంలో దక్కన్ రైతు చేతిలో తరతరాలుగా ఉన్నది. ఆ అనుభవానికి తేదీలు, రాత్రి ఉష్ణోగ్రతలు, పి.హెచ్. కొలతలు జోడించి శాస్త్రంగా మార్చడం పరిశోధక విద్యార్థుల బాధ్యత. మూడు కత్తిరింపు తేదీలు, రెండు రకాలు, మూడు సంవత్సరాల పాటు ఒక చిన్న ప్రయోగం చాలు. ఏ రకం నాటమంటారు అని రైతు మరల అడిగేనాటికి, ఏ నెలలో పండించగలవో ముందు చూద్దామని చెప్పగల స్థితిలో మనం ఉండవలెను.